నిస్సహాయురాలు ఎవరు?
‘హీలయె నాజిజా’లోని ఒక షరతుపై విమర్శ

గత సంవత్సరం ఉత్తర తెలంగాణలోని ఒక పట్నం నుండి ఒక సోదరి ఉర్దూలో వ్రాసిన కాగితం ఒకటి పట్టుకొని నా వద్దకు వచ్చినది. ఆమె చదువు తెలుగు మీడియంలో సాగినది. ఖుర్ఆన్ పారాయణం చేయగలదు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, కాని చేతివ్రాత ఉర్దూ చదవలేదు. ఆమె భర్త గల్ఫ్‌కు వెళ్లి ఏడేండ్లయినది. చివరి మూడేండ్లుగా పైసా పంపలేదు. ఫోను చేస్తే అప్పుడప్పుడు ఎత్తుతాడు. రానని అనడు, వస్తానని అనడు, విడిచిపెడతానని అసలే అనడు. ఆమె బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను చదివిస్తున్నది, ఇంటి కిరాయి కట్టుతున్నది. తనను ఈ బంధం నుండి వేరుచేయవలసిందని ఆమె ఒక దారుల్ ఖజాకు దరఖాస్తు పెట్టుకొనగా, దానికి వచ్చిన జవాబే ఆ కాగితం.

నేను చదివి తెలుగులో చెప్పాను. భర్త ఆచూకీ తెలుస్తున్నది గనుక అతడు ‘మఫ్‌ఖూద్’ కాడు. ఖులాకు అతనిని ఒప్పించే ప్రయత్నం చేయవలసినది. దరఖాస్తుదారు పరువు కాపాడుకుంటూ సంపాదించుకొనగలుగుతున్నది గనుక, నికాహ్‌ను రద్దుచేయటానికి అవసరమైన తీవ్ర నిర్బంధ పరిస్థితి ఆమె విషయంలో రుజువు కాలేదు. సహనం వహించవలసినది. సారాంశం ఇంతే. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత రెండు ప్రశ్నలు అడిగినది. “మౌలానా సాబ్, నేను బీడీలు చుట్టకుండ అడుక్కుతింటే విడిపించేవాళ్లా?” అన్నది మొదటిది. “కోర్టుకు పోతే విడిపిస్తరంట. కోర్టు విడిపిస్తే అల్లాహ్ దగ్గర విడిపోయినట్టేనా?” అన్నది రెండవది.

విశ్వాసానికీ విడాకులకూ గల సంబంధం గురించి మన జుమా ప్రసంగాలలోనూ, పత్రికలలోనూ ఒక మాట తరచుగా వినవస్తున్నది. ఆడవారు ఉద్యోగాలకు పోతున్నారు, చేతిలో డబ్బు ఆడుతున్నది, ఈమాన్ పలుచబడుతున్నది, అందుచేత తలాఖులు, ఖులాలు పెరుగుతున్నవి అని. బయటివారు దీనినే తలక్రిందులు చేసి చెబుతారు: మతవిశ్వాసం ఉన్నంత కాలం స్త్రీ బందీగానే ఉంటుంది, విశ్వాసం సడలితే గాని విడుదల లేదు అని. ఇరువురి కొలబద్ద ఒక్కటే. విశ్వాసం హెచ్చితే విడాకులు తగ్గాలి, తగ్గితే హెచ్చాలి. నా ఎదుట కూర్చున్న సోదరి ఈ రెండు లెక్కలకూ అందదు. ఆమె విడుదల కోరుతున్నది. విశ్వాసం లేనిదైతే ఏనాడో కోర్టు మెట్లు ఎక్కి ఉండేది. అల్లాహ్ వద్ద దాని విలువ ఏమిటన్న భయమే ఆమెను ఆపినది.

దివ్య ఖుర్ఆన్ ఈ కొలబద్దను ఇవ్వలేదు. తలాఖ్ పేరిటనే ఉన్న 65వ సూరాలో 12 ఆయతులున్నవి. ఆ 12 ఆయతులలో దైవభీతి ప్రస్తావన అయిదు చోట్ల వస్తుంది. విడిపోవటమే దైవభీతికి వెలుపలి పని అయినట్లయితే, విడిపోయే విధానాన్ని నేర్పే సూరాలో దానిని ఇన్నిసార్లు గుర్తుచేయవలసిన పని ఏమున్నది? అక్కడ పరీక్షకు నిలబడుతున్నది విడిపోయారా లేదా అన్నది కాదు, ఎట్లా విడిపోయారన్నది. ధర్మసమ్మతమైన వాటిలో అల్లాహ్‌కు మిక్కిలి అయిష్టమైనది తలాఖ్ అన్న భావం గల హదీసును మన వక్తలు కంఠస్థం చేశారు. అబూ దావూద్, ఇబ్ను మాజా గ్రంథాలలో అది ఉన్నది. దాని పరంపర ‘ముర్సల్’ అనటమే సరి అని అబూ హాతిమ్, దారఖుత్నీ వంటి పరిశీలకులు అన్న సంగతి మాత్రం వారు చెప్పరు. దాని భావంతో నాకు పేచీ లేదు. ఈ అంశంపై హదీసు సంపద మొత్తంలో అదొక్కటే ఉన్నట్లు మాట్లాడటంతోనే పేచీ.

ఆ కాగితంలోని ‘పరువు కాపాడుకుంటూ సంపాదించుకొనటం’ అన్న మాట నాకు కొత్తది కాదు. మదరసాలో చదివే రోజులలో మా ఉస్తాద్ చేతిలో చూచిన ఒక గ్రంథంలోనిది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మలై) గారి ‘అల్ హీలతున్ నాజిజ లిల్ హలీలతిల్ ఆజిజ’. ఉర్దూలో ‘హీలయె నాజిజా’ అని వాడుక. నిస్సహాయురాలైన భార్య కొరకు ఫలించే ఉపాయం అని పేరుకు అర్థం. మన దేశంలోని దారుల్ ఖజాలలో ఎక్కువ భాగం నేటికీ దీనిపై ఆధారపడుతున్నవి. కాగితంపై దాని పేరు ఉండినా లేకున్నా, తీర్పు వెనుక ఉండేది అదే. కనుక తీర్పును విమర్శించదలచినవాడు ముందు గ్రంథాన్ని చదవాలి.

ఆ గ్రంథం పుట్టిన సందర్భం మన తెలుగు పాఠకులకు అంతగా తెలియదు. హనఫీ ఫిఖ్హ్‌లో భార్యకు నికాహ్‌ను రద్దుచేయించుకొనే మార్గాలు బహు స్వల్పం. భర్త కనిపించకుండా పోతే అతని ఈడువారు చనిపోయే వయస్సు వచ్చేవరకు ఆమె కనిపెట్టుకొని ఉండాలి. తిండి పెట్టకపోతే, ఆ కారణంగా వేరుచేయటానికి వీలు లేదు. కాగా అదే ఫిఖ్హ్‌లో, ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం, దంపతులలో ఒకరు ఇస్లాం విడిచిపెడితే నికాహ్ అక్కడికక్కడే తెగిపోతుంది. బ్రిటిషు కోర్టులు కూడా ఈ సూత్రాన్నే అమలు జరిపేవి. అన్ని తలుపులూ మూసి ఉండి ఒక్క తలుపే తెరచి ఉంటే ప్రాణి ఆ తలుపు వైపే పరుగెత్తుతుంది. పంజాబులో కొందరు ముస్లిం స్త్రీలు, భర్తల పీడ వదిలించుకొనటానికి, తాము ముస్లిములం కామని ప్రకటించసాగారు. అల్లామా ఇఖ్బాల్ తన ఆరవ ఉపన్యాసంలో ఈ దుస్థితిని ఎత్తిచూపి, ధర్మ రక్షణ షరీఅత్ లక్ష్యాలలో ఒకటి అన్న షాతిబీ మాటను గుర్తుచేసి, ‘హిదాయా’లోని ఆ నియమం ఈ దేశంలో ధర్మాన్ని రక్షిస్తున్నదా అని అడిగారు. ఆ ఉపన్యాసాలు 1930లో లాహోర్‌లో గ్రంథంగా వచ్చినవి.

థానవీ గారి గ్రంథం 1933 ప్రాంతంలో వెలువడినది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది. ‘బహిష్తీ జేవర్’ వ్రాసిన చేయి, తఖ్లీద్‌ను గట్టిగా పట్టుకొన్న చేయి. అటువంటి పెద్దమనిషి హనఫీ మజ్‌హబ్ గడప దాటి మాలికీ మజ్‌హబ్ నుండి తీర్పులు తెచ్చుకొన్నారంటే పరిస్థితి ఎంత విషమించినదో ఊహించవచ్చును. ముఫ్తీ ముహమ్మద్ షఫీ, ముఫ్తీ అబ్దుల్ కరీమ్ గుమ్‌థలవీ గార్లు ఆయనకు సహకరించారు. మదీనాలోని మాలికీ విద్వాంసులకు ప్రశ్నలు వ్రాసి పంపి, వచ్చిన ఫత్వాలను గ్రంథానికి జతపరచారు. దేవ్‌బంద్, సహారన్‌పూర్ ఉలమా సమ్మతి తీసుకొన్నారు. భార్య మతాన్ని విడిచినంత మాత్రాన నికాహ్ తెగదన్న బల్ఖ్, సమర్ఖంద్ విద్వాంసుల పాత అభిప్రాయాన్ని స్వీకరించి ఆ ప్రమాదకరమైన తలుపు మూశారు. అంతటితో ఊరుకొనక, మూసిన దానికి బదులు వేరే తలుపులు తెరిచారు. ఈ రెండవ పని చేయకుండా మొదటిది మాత్రమే చేసి ఉంటే, ఆ గ్రంథం ఒక తాళంకప్ప అయి ఉండేది.

తెరచిన తలుపులలో మొదటిది తఫ్వీజ్. అనగా నికాహ్ సమయంలోనే కొన్ని షరతులతో తలాఖ్ హక్కును భర్త భార్యకు అప్పగించటం. దానికి కావలసిన ఒడంబడిక నమూనాలను కూడా గ్రంథకర్త ఇచ్చారు. తొంబది ఏండ్లయినది. మన పెండ్లిండ్లలో మెనూ మీద జరిగే చర్చలో పదోవంతు ఈ షరతు మీద జరగటం నేను చూడలేదు. అడిగితే పెండ్లిలో అపశకునం అంటారు. తరువాతిది, ఖాజీ లేని చోట ధర్మనిష్ఠ గల ముస్లిముల పంచాయతీ ఖాజీ స్థానంలో నిలవవచ్చునన్న మాలికీ సూత్రం. ఆ పిమ్మట నపుంసకుడు, మతిభ్రష్టుడు, ఆచూకీ లేనివాడు, ఆచూకీ ఉండీ పట్టించుకొననివాడు, శక్తి ఉండీ హక్కు ఇవ్వనివాడు – ఇట్లా భర్తల తరగతులు, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క విధానం. ఆచూకీ లేనివాని విషయంలో మాలికీ గడువు నాలుగేండ్లు, ఆపైన వితంతువు ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. దీని మూలం హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఉన్నది.

మన వివాదం చివరి తరగతి వద్ద ఉన్నది. ఆ భర్తకు గ్రంథంలో ‘ముతఅన్నిత్’ అని పేరు. తెలుగులోకి తేవటం నాకు కష్టమైనది. ‘మొండి భర్త’ అంటే నవ్వు వస్తుంది. ‘క్రూరుడు’ అంటే కొట్టేవాడనుకొంటారు. ఆ పదం వచ్చిన ధాతువులో ఇతరులను ఇక్కట్ల పాలుచేయటం అన్న అర్థం ఉన్నది. ఇవ్వగలడు, ఇవ్వడు. విడువగలడు, విడువడు. ‘శక్తి ఉండీ హక్కు ఇవ్వనివాడు’ అని అంత పొడుగున వ్రాసుకొన్నాను. పనిలో పనిగా మరొక మాట: తలాఖ్, ఖులా, ఫస్ఖ్, తఫ్రీఖ్ అన్నింటికీ మనం ‘విడాకులు’ అన్న ఒక్క మాటనే వాడుతున్నాము. ఎవరు విడిచారు, ఎవరు విడుదల పొందారు, ఎవరు విడదీశారు అన్న తేడా అందులో కొట్టుకొనిపోతున్నది. ఈ తేడా పోయినవాడికి ఈ గ్రంథం అర్థం కాదు.

శక్తి ఉండీ హక్కు ఇవ్వని భర్త నుండి భార్యను వేరుచేయటానికి థానవీ గారు పెట్టిన షరతు ఇది. ముందు ఖులాకు ప్రయత్నించాలి. అది కుదరకపోతే, తీవ్ర నిర్బంధం ఉన్నప్పుడే మాలికీ తీర్పును ఆశ్రయించాలి. ఆ నిర్బంధానికి రెండు రూపాలు చెప్పారు. ఒకటి, ఆమె ఖర్చుకు ఎవరూ ఏర్పాటు చేయక, ఆమె తానుగా పరువు కాపాడుకుంటూ సంపాదించుకొనలేకపోవటం. రెండు, ఖర్చు ఎట్లాగో జరుగుతున్నప్పటికీ, భర్తకు దూరంగా ఉండటం వలన పాపంలో పడే బలమైన భయం ఉండటం.

మొదటి రూపాన్ని 1933 నాటి థానాభవన్‌లో చదివితే దయగానే ఉంటుంది. పరదాలో ఉన్న స్త్రీకి బయట సంపాదన లేదు. పుట్టింటివారు చేయి దులుపుకొంటే ఆమెకు గతి లేదు. గ్రంథకర్త కన్నుల ముందు ఉన్నది ఆమె. కాని అదే వాక్యాన్ని నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వాడలలో చదవండి. ఇంటి గడపలో చాట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే స్త్రీ సంపాదన కంటే పరువైన సంపాదన ఏమున్నది? గడప దాటదు, పరాయివాని ముందు నిలబడదు. పాతబస్తీలో లక్క గాజులకు రాళ్లు అద్దే స్త్రీ, బడిలో పాఠం చెప్పే స్త్రీ, ఆసుపత్రిలో నర్సు – అందరిదీ అదే స్థితి. ఈ షరతు ప్రకారం వీరెవరూ నిస్సహాయులు కారు. బిడ్డల కొరకు రెక్కలు ముక్కలు చేసుకొన్న స్త్రీకి తలుపు మూసుకొంటుంది, చేతులు ముడుచుకొని కూర్చున్న స్త్రీకి తెరచుకొంటుంది. భర్త ఎగవేసిన బాధ్యతను భార్య మోసినందుకు ప్రతిఫలం, ఆ భర్తకే ఆమె కట్టుబడి ఉండటం. సోదరి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఆమెకు ఫిఖ్హ్ తెలియదు. అయినా షరతులోని పగులు మీదనే వ్రేలు పెట్టినది.

ఈ షరతు ఎక్కడి నుండి వచ్చినది? మాలికీ మజ్‌హబ్ నుండి మాత్రం కాదు. భార్య ఎంత ధనవంతురాలైనా ఆమె పోషణ భర్తపై విధి అన్న విషయంలో నాలుగు మజ్‌హబులు ఏకమై ఉన్నవి. ఆమె ఆస్తి అతని బాకీని కొట్టివేయదు. హజ్రత్ ఉమర్ (రజి) సైన్యాధిపతులకు పంపిన ఒక ఉత్తరువును ఇమామ్ షాఫయీ, బైహఖీ ఉల్లేఖించారు. భార్యలను విడిచి దూరదేశాలలో ఉన్నవారిని పట్టుకొని, పోషణకు డబ్బు పంపటమో తలాఖ్ ఇవ్వటమో చేయించండి, తలాఖ్ ఇచ్చినట్లయితే ఇంతకాలం నిలిపి ఉంచినందుకు గడచిన రోజుల ఖర్చు కూడా పంపించాలి అని దాని భావం. పని మీద పరదేశం పోయినవారి గురించి మన చరిత్రలో ఇంతకంటే సూటి అయిన ఆజ్ఞ నేను చూడలేదు. మీ భార్య నూలు వడుకుతున్నదా, ఆమెకు అన్నదమ్ములు పెడుతున్నారా అన్న విచారణ అందులో లేదు. బాకీ ఎవరిదో వారినే అడిగారు.

షరతు వచ్చినది గడప దాటే భయం నుండి. ఒక మజ్‌హబ్‌ను అనుసరించేవాడు మరొక మజ్‌హబ్ తీర్పు తీసుకొనటానికి తీవ్రమైన అవసరం ఉండాలి. లేనిచో ప్రతివాడూ తనకు తేలికైనది ఏరుకొని ధర్మాన్ని ఆటబొమ్మ చేస్తాడు. గ్రంథకర్త ఈ విషయంలో మిక్కిలి జాగ్రత్తపరుడు. ఆ జాగ్రత్తను నేను గౌరవిస్తాను. నా విమర్శ ఒక్కటే: ఆ అవసరాన్ని ఎక్కడ కొలవాలి? ఆయనను మాలికీ మజ్‌హబ్ వద్దకు నడిపించినది ఒక ఇంటిలో పొయ్యి వెలగకపోవటం కాదు, ఒక సమాజంలో ఈమాన్‌కు వచ్చిన ముప్పు. అది సామూహికమైన అవసరం. దానిని గుర్తించి గడప దాటిన తరువాత, లోపల మళ్లీ ఒక్కొక్క స్త్రీ వంటయింటి డబ్బాలు తెరిచి అవసరాన్ని కొలవటం గ్రంథపు ఉద్దేశానికే ఎదురు నడవటం అవుతుంది. గ్రంథం పేరునే చూడండి. భార్య ‘ఆజిజ’ అన్నారు. ‘అజ్జ్’ అనగా చేతకాకపోవటం. దేనికి చేతకాకపోవటం? అన్నం సంపాదించుకొనటానికా, విడుదల సంపాదించుకొనటానికా? తలాఖ్ పురుషుని చేతిలో ఉన్నది, ఖులాకు అతడు ఒప్పుకోడు, ఖాజీ లేడు. అందుకే ఆమె ఆజిజ, అందుకే ఉపాయం. లక్ష రూపాయల జీతం తెచ్చుకొనే స్త్రీ కూడా ఈ అర్థంలో ఆజిజయే. పేరు ఒక అర్థంలో పెట్టి, షరతు మరొక అర్థంలో వ్రాశారు. అనువాదం చేసేవానికి ఇటువంటివి త్వరగా తగులుతవి, ఎందుచేతనంటే ఒక మాటకు రెండు చోట్ల ఒకే తెలుగు మాట పెట్టలేక అతడు ఆగిపోతాడు.

గ్రంథకర్తకు న్యాయం చేయాలంటే షరతులోని రెండవ రూపాన్ని కూడా చూడాలి. ఖర్చు జరుగుతున్నా సరే, పాపంలో పడే భయం ఉంటే వేరుచేయవచ్చునని ఆయన స్పష్టంగా చెప్పారు. సోదరికి వచ్చిన కాగితంలో ఈ రెండవ రూపం ఊసే లేదు. ఇది గ్రంథం తప్పు కాదు, సగం చదివినవారి తప్పు. అయినప్పటికీ దీనిలో ఒక చిక్కు ఉన్నది. ఈ తలుపు తెరచుకొనాలంటే ఆ స్త్రీ పంచాయతీలోని మగవారి ఎదుట, నేను ఒంటరిగా ఉంటే పాపంలో పడిపోతానేమోనని చెప్పుకొనాలి. సిగ్గు ఈమాన్‌లో ఒక భాగమని మనకు బోధించారు గదా. ఆ భాగం నిండుగా ఉన్న స్త్రీ నోరు విప్పలేదు. విప్పినా ఆ మాట సాయంత్రానికి వాడంతా తిరుగుతుంది, రేపు ఆమె కూతురి పెండ్లి సంబంధం దాకా వెంటాడుతుంది. ముప్పది ఏండ్ల స్త్రీని మూడేండ్లు ఒంటరిగా ఉంచితే ఏమి భయమో ఖాజీగారికి ఒకరు చెప్పాలా? ఆ భయాన్ని ఆమె చేత పలికించకుండా, పరిస్థితిని చూచి తామే గ్రహించవచ్చును. గ్రంథం దీనిని అడ్డగించటం లేదు.

ఇమారతె షరయ్యా 1921లో బీహారులో ఏర్పడినది. దానికి చెందిన మౌలానా అబ్దుస్సమద్ రహ్మానీ ‘కితాబుల్ ఫస్ఖి వత్తఫ్రీఖ్’ అన్న పేరుతో ఈ అంశంపైననే ప్రత్యేకంగా గ్రంథం వ్రాశారు. దారుల్ ఖజాలలో కూర్చునేవారు రెండు గ్రంథాలనూ ప్రక్క ప్రక్కన పెట్టుకొని చదవటం మేలు. మన ప్రాంతంలో మొదటిదానిలోని సంక్షేపాలు మాత్రమే చేతులు మారుతున్నవి.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది, దానిని తేలికగా త్రోసివేయను. గల్ఫ్‌లో ఉన్నవాడు ప్రతివాడూ ఎగవేతదారుడు కాడు. యజమాని జీతం ఇవ్వక, పాస్‌పోర్టు చేతికి రాక, జైలులో పడి, అప్పు తీరక, మొగం చూపించలేక ఊరుకొన్నవారున్నారు. అటువంటివాడు ముతఅన్నిత్ కాడు, లేనివాడు. లేనివాని ప్రకరణం వేరు. అందుకే విచారణ కావాలి. నీవు రా, లేదా ఆమెను పిలిపించుకో, లేదా ఖర్చు పంపు, లేదా విడిచిపెట్టు, ఏదీ చేయకపోతే మేము వేరుచేస్తాము అని దూరాన ఉన్న భర్తకు హుకుం పంపే విధానం గ్రంథంలోనే ఉన్నది. ఆ రోజులలో అది నెలల పని. ఇప్పుడు సెల్‌ఫోనులో మనిషి మొగం చూచి అడగవచ్చును. అడిగారా అన్నదే ప్రశ్న. సోదరికి వచ్చిన కాగితంలో ఆమె సంపాదన గురించి నాలుగు వాక్యాలున్నవి. అతని సంపాదన గురించి ఒక్కటీ లేదు.

ఇక ఆమె రెండవ ప్రశ్న. థానవీ గారి గ్రంథం వెలువడిన కొద్ది ఏండ్లకు ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో ఒక బిల్లు తెచ్చారు. అది 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టమైనది. నాలుగేండ్లు ఆచూకీ లేకపోవటం, రెండేండ్లు పోషణ ఇవ్వకపోవటం మొదలగు కారణాలపై స్త్రీ కోర్టుకు వెళ్లవచ్చును. మతం విడిచినంత మాత్రాన వివాహం రద్దుకాదని 4వ సెక్షను చెప్పినది. పోషణ సెక్షనును 1970లో కేరళ హైకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విశాలంగా వ్యాఖ్యానించారు. పోషణ నిజంగా అందలేదన్నది చాలు, ఎందుకు అందలేదన్న విచారణ అక్కరలేదన్నారు. చట్టం దృష్టిలో సోదరి కేసు బలమైనది. కాని ఇటువంటి కేసులను ముస్లిం న్యాయమూర్తి విచారించాలన్న నిబంధన బిల్లులో ఉండినది, చట్టమయ్యేసరికి అది ఎగిరిపోయినది. ఉలమాకు నాడు కలిగిన అసంతృప్తి నేటికీ తీరలేదు. ముస్లిమేతర న్యాయమూర్తి చేసిన ఫస్ఖ్ షరీఅత్ దృష్టిలో చెల్లదన్నది థానవీ గారి అభిప్రాయం కూడా. అందుచేత నికాహ్ ఒక లెక్కలో తెగి మరొక లెక్కలో మిగిలి ఉన్న స్త్రీలు మన మధ్య ఉన్నారు. చట్టం వారికి రెండవ పెండ్లి చేసుకొనవచ్చునంటుంది, మసీదులో నికాహ్ చదివేవారు దొరకరు. ఈమాన్ లేని స్త్రీకి ఈ బాధ లేదు.

ఖులా విషయంలో 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చినది. ఖులా కోరే భార్యకు భర్త అంగీకారం తప్పనిసరి కాదన్నది దాని సారం. హనఫీ ఉలమా ఒప్పుకొనరు. ఖులా ఇరువురి ఒప్పందం, ఒకరు సంతకం చేయని ఒప్పందం ఒప్పందమెట్లా అవుతుందని వారి వాదం. ఇరుపక్షాలూ చివరకు వచ్చి నిలిచేది ఒకే సంఘటన వద్ద. సాబిత్ బిన్ ఖైస్ (రజి) గారి భార్య దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చారు. బుఖారీలో ఉన్నది. భర్త ధర్మనిష్ఠలో గాని, నడవడిలో గాని తనకు లోపం కనిపించటం లేదని, అయితే ఇస్లాంలో ఉండి కుఫ్ర్ తనకు సమ్మతం కాదని ఆమె విన్నవించుకొన్నారు. అతడు మహర్‌గా ఇచ్చిన తోటను తిరిగి ఇస్తావా అని అడిగారు. ఇస్తానన్నారు. తోట తీసుకొని ఒక తలాఖ్ ఇవ్వమని ప్రవక్త (సఅసం) సాబిత్‌ను ఆదేశించారు.

ఇబ్ను హజర్ ఆ ఆదేశాన్ని హితబోధ అన్నారు, నిర్బంధం కాదన్నారు. హనఫీలు దానినే పట్టుకొంటారు. పురుషుని చేతిలో తలాఖ్ ఉన్నట్లే స్త్రీ చేతిలో దానికి ఎదురుగా ఖులా ఉంచబడినదన్నది ఇబ్ను రుష్ద్ మాట, ఆయన మాలికీ. ఈ తగవు తీర్చే అర్హత నాకు లేదు. నన్ను ఆపినది ఆ మహాతల్లి చెప్పిన కారణం. ఆమె ఆకలి చెప్పలేదు, దెబ్బలు చెప్పలేదు. ఆమె వద్ద తోట ఉన్నది, అనగా ఆమె బీదరాలు కాదు. ఆమె చెప్పినది తన ఈమాన్ గురించి. ఈ బంధంలో ఉంటే నా ధర్మం చెడుతుందన్నది. ఆమెను ఎవరూ ఈమాన్ తక్కువైనదానవు అనలేదు. నీకు తిండికి ఉన్నది గదా, సహించు అనలేదు. పాపంలో పడే భయాన్ని విడమరచి చెప్పమని నిలదీయలేదు. ఒకే ప్రశ్న అడిగారు, అది తోట గురించి.

నేను ముఫ్తీని కాను. ఆ మాట సోదరికి చెప్పాను. కోర్టు గురించి ఆమె అడిగినదానికి ఉలమాలో ఉన్న అభిప్రాయభేదాన్ని ఉన్నది ఉన్నట్లు చెప్పాను, వినటానికి ఆమెకు అది సుఖంగా లేదు. తరువాత ఆ కాగితం తెలుగు అనువాదాన్ని ఆమెకు వ్రాసి ఇచ్చి, ఉర్దూలో ఒక జాబు తయారుచేశాను. హీలయె నాజిజాలో ముతఅన్నిత్ ప్రకరణంలోని షరతు రెండు రూపాలలో ఉన్నదని, మీరు ఒకటి మాత్రమే పరిశీలించారని, భర్తకు హుకుం పంపినట్లు కాగితంలో లేదని వ్రాసి, పుట సంఖ్య వేసి, ఆమె చేత సంతకం చేయించాను. ఆమె తెలుగులో సంతకం చేసినది. ఉండి భోంచేసి వెళ్లమని మా ఇంట్లో బలవంతం చేశారు. సాయంత్రం లోపల బీడీలు ఖార్ఖానాలో అప్పజెప్పాలని, ఆలస్యమైతే టేకేదారు తీసుకోడని చెప్పి బస్సుకు వెళ్లిపోయినది.

దారుల్ ఖజా నుండి రెండు నెలలకు జవాబు వచ్చినది. భర్త ఫోను నెంబరు, అతను పనిచేసే కంపెనీ పేరు, చిరునామా పంపవలసిందిగా కోరారు.